తెరచాప పడవకు ఆటోపైలట్: ముందు డ్రైవ్ చూడండి, స్క్రీన్ సంగతి తర్వాత

పడవకు ఆటోపైలట్ కొందామనుకునేవాళ్లలో చాలామంది మొదట అడిగేది స్క్రీన్ ఎంతుంది, ఫోన్‌తో కలుస్తుందా, రిమోట్ వస్తుందా అని. నన్నడిగితే అవన్నీ ఆఖర్న చూసుకోవాల్సినవి. చుక్కానిని తోసేది స్క్రీన్ కాదు. పడవ వెనకభాగంలో, లాకర్ అడుగున, ఎవరి కంటా పడకుండా ఉండే మోటారు తోస్తుంది. దానికి బలం ఎంతుంది, దాన్ని దేనికి బిగించారు, దానికి కరెంటు ఎంత లావు వైరులో వస్తోంది, ఈ మూడూ కుదిరితే మామూలు కంప్యూటర్ ఉన్న పైలట్ కూడా గట్టి గాలిలో పడవను దారిలో పెడుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన కంప్యూటరైనా సరిగ్గా అవసరమైనప్పుడే అలారం కొట్టి చేతులెత్తేస్తుంది.

మేం పెట్టుకున్నది రేమరీన్ ఎవల్యూషన్ ఈవీ-400, దానికి జోడీగా టైప్ 2 షార్ట్ లీనియర్ డ్రైవ్, అంటే ఒక కడ్డీని ముందుకూ వెనక్కీ కదిపి చుక్కానిని తోసే మోటారు. పడవ పొడవు 12 మీటర్లు, వీల్ స్టీరింగ్, ఒకే చుక్కాని. నడిపేది నేనూ మా ఆయనా ఇద్దరమే. డ్రైవ్ పీఠానికి ఫైబర్ పని చేసే మనిషిని పిలిచాం, మిగతా బిగింపు, వైరింగ్, కాలిబ్రేషన్ మేమే చేసుకున్నాం. మంచి గాలిలో, చెడ్డ గాలిలో, రాత్రిళ్లు కూడా వాడాక రాస్తున్నాను.

ఇద్దరే ఉన్న పడవలో ఆటోపైలట్ సోకు వస్తువు కాదు. వీల్ పట్టుకుని ఒక గంట నడపడం హాయిగానే ఉంటుంది. నాలుగో గంటకు భుజాలు లాగేస్తాయి, రాత్రి రెండింటికి దిక్సూచి ఎర్ర లైటునే చూస్తూ కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. అదే పైలట్ నడుపుతుంటే కాపలా వంతులో ఉన్నవాళ్లు చుట్టూ చూడగలరు, చార్ట్ చూసుకోగలరు, తెరచాప సర్దగలరు, రెండోవాళ్లు నిజంగా నిద్రపోగలరు. అయితే పైలట్‌కు కళ్లుండవు. నౌకలు ఢీకొనకుండా ఉండేందుకు పెట్టిన అంతర్జాతీయ నిబంధనల్లో 5వది ప్రతి నౌకా ఎల్లవేళలా కళ్లతో, చెవులతో చుట్టూ కనిపెట్టుకుని ఉండాలంటుంది, పైలట్ ఆన్‌లో ఉందన్న మినహాయింపు అందులో ఎక్కడా లేదు.

ఇక ఎంపిక. టిల్లర్ (చక్రం బదులు చుక్కానిని తిప్పే కర్ర) ఉన్న చిన్న పడవలకు కాక్‌పిట్‌లోనే, అంటే నడిపేవాళ్లు కూర్చునే చోటే, తగిలించుకునే టిల్లర్ పైలట్లున్నాయి, రేమరీన్ ఎస్‌టీ2000 ప్లస్, సిమ్రాడ్ టీపీ32 లాంటివి. మోటారు, దిక్సూచి, కంప్యూటర్ అన్నీ ఒకే గొట్టంలో ఉంటాయి, ఒక సాకెట్, ఒక పిన్ పెడితే పనైపోతుంది. ఎస్‌టీ2000 ప్లస్‌కు కంపెనీ చెప్పే హద్దు 4,500 కిలోలు. అంతకంటే తేలికైన పడవలో పగటి ప్రయాణాలకు ఇది చక్కటి వస్తువే. కాకపోతే అది ఉండేది బయట, ప్రతి అలా దాని మీదే చిమ్ముతుంది, సీళ్లు పాతబడ్డాక లోపలికి ఉప్పునీళ్లు చేరతాయి. దూరం వెళ్లేవాళ్లు రెండోది కూడా కొని దాచుకోవడం నేను చాలా పడవల్లో చూశాను, అది సరైన పద్ధతే.

వీల్ పైలట్ అంటే స్టీరింగ్ చక్రానికే తగిలించే రింగు. లోపల చిన్న మోటారు, బెల్టు. బిగించడం సులువు, ఖర్చు తక్కువ, అందుకే మధ్యరకం పడవల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మా పడవతో పాటు ఇలాంటిదే ఒకటి వచ్చింది, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. పక్కగాలిలో, చదునైన నీళ్ల మీద దానికి వంక పెట్టడానికి లేదు. గాలి వెనక పక్కకు వచ్చి, అలలు పడవ వెనకభాగాన్ని ఎత్తి పక్కకు నెట్టడం మొదలుపెట్టాక మాత్రం బెల్టు జారిన చప్పుడు స్పష్టంగా వినిపించేది, పడవ ఇరవై ముప్పై డిగ్రీలు పక్కకు పోయాక గానీ చక్రం తిరిగేది కాదు. తప్పు ఆ యంత్రానిది కాదు, దాని మీద అంత బరువు పెట్టకూడదు. రేమరీన్ తన ఈవీ-100 వీల్ పైలట్‌కు పెట్టిన హద్దే 7,500 కిలోలు. వీల్ పైలట్‌లో ఇంకో పెద్ద లోటుంది. అది చక్రాన్ని తిప్పుతుంది, చక్రం కేబుళ్లను లాగుతుంది, కేబుళ్లు చుక్కానిని తిప్పుతాయి. కేబుల్ తెగిందంటే పైలట్ కూడా పోయినట్టే.

డెక్ కింద పెట్టే లీనియర్ డ్రైవ్ గొప్పతనం ఇక్కడే ఉంది. చుక్కాని షాఫ్ట్‌కు విడిగా ఒక లోహపు చేయి బిగించి, ఈ డ్రైవ్‌ను నేరుగా దానికి తగిలిస్తారు. చక్రంతో, కేబుళ్లతో దానికి సంబంధం లేదు. నడిసముద్రంలో స్టీరింగ్ కేబుల్ తెగినా పైలట్ బటన్లు నొక్కుతూ పడవను ఒడ్డుకు తెచ్చుకోవచ్చు. మొత్తం ఖర్చులో డ్రైవ్‌కే పెద్ద వాటా పోతుందని చాలామంది వెనకాడతారు, అది కొంటున్నప్పుడు రెండో స్టీరింగ్ కూడా కొంటున్నామని అనుకుంటే ఆ లెక్క వేరుగా కనిపిస్తుంది. లోపల విద్యుదయస్కాంత క్లచ్ ఒకటుంటుంది, స్టాండ్‌బై నొక్కగానే అది వదిలేస్తుంది, చక్రం మళ్లీ మన చేతికి వస్తుంది. కరెంటు పోయినా వదిలేస్తుంది. బరువైన పడవలకు ఇదే పని చేసే హైడ్రాలిక్ రామ్‌లున్నాయి, అవి చప్పుడు తక్కువ చేస్తాయి, ఎక్కువ భారం తట్టుకుంటాయి, కానీ నూనె కారకుండా చూసుకోవాలి. పడవ స్టీరింగే హైడ్రాలిక్ అయితే విడిగా డ్రైవ్ అక్కర్లేదు, ఆ గొట్టాల్లోకి ఒక పంపు కలిపితే చాలు.

సైజు విషయంలో మాకు అమ్మినాయనతో కాస్త వాదన జరిగింది. కంపెనీ కాగితం మీద మా పడవ బరువు 9 టన్నులు. టైప్ 1 డ్రైవ్ హద్దు 11 టన్నులు, కాబట్టి అది చాలండి అంటాడాయన. కాగితం మీదున్నది ఖాళీ పడవ బరువు. నీళ్ల ట్యాంకులు, డీజిల్, లంగరు గొలుసు, అదనపు బ్యాటరీలు, డింగీ (ఒడ్డుకు వెళ్లిరావడానికి వాడే చిన్న పడవ), దాని మోటారు, పనిముట్లు, నెలలకు సరిపడా సామాన్లు ఎక్కించాక క్రూజింగ్ పడవ ఏదీ ఆ బరువులో ఉండదు, ఐదోవంతు కలుపుకోవడం కనీసం. అలా కలిపితే మాది 11 టన్నుల గీత మీదకే వచ్చి కూర్చుంది. గీత మీదున్న డ్రైవ్ మంచిరోజున బాగానే తోస్తుంది, చెడ్డరోజున ప్రతి అలకూ తన పూర్తి బలం పెట్టాల్సి వస్తుంది, వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. అందుకే 15 టన్నుల దాకా పనికొచ్చే టైప్ 2 షార్ట్ తీసుకున్నాం. డ్రైవ్ పెరిగితే కంప్యూటర్ పెట్టె కూడా మారాలి. రేమరీన్ పెట్టెల్లో ఏసీయూ-200 డ్రైవ్‌కు నిలకడగా ఇవ్వగలిగేది 15 ఆంప్స్, అది టైప్ 1 వరకే. ఏసీయూ-400 అయితే 30 ఆంప్స్ దాకా ఇస్తుంది. ప్యాక్ కొనేముందు ఈ జత చూసుకోకపోతే తర్వాత డబ్బాలు వెనక్కి పంపే పని పడుతుంది.

మిగతా కంపెనీలు తక్కువని కాదు. బీ అండ్ జీ వాళ్ల ఎన్ఏసీ-3 కూడా 30 ఆంప్స్ ఇస్తుంది, గాలిని పట్టుకుని నడపడంలో దానికి మంచి పేరుంది, పడవలో ఇప్పటికే బీ అండ్ జీ గాలి పరికరాలుంటే అదే తీసుకోవడం తెలివైన పని. గార్మిన్ రియాక్టర్ 40 సెన్సర్‌ను ఏ వాలులోనైనా బిగించొచ్చు, చోటు ఇరుకుగా ఉన్న పడవల్లో ఇది చిన్న విషయం కాదు. ఒంటరిగా సముద్రాలు దాటే రేసర్లు ఎక్కువగా నమ్మే ఫ్రెంచ్ కంపెనీ ఎన్‌కేఈ. సొంతంగా చేసుకునే ఓపిక, ఎలక్ట్రానిక్స్ మీద పట్టు ఉన్నవాళ్లకు రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే పైపైలట్ అనే ఓపెన్ సోర్స్ పైలట్ ఉంది. మేం రేమరీన్ వైపు వెళ్లడానికి ముఖ్య కారణం మా ప్లాటర్ (చార్ట్ చూపించే స్క్రీన్), గాలి మీటర్ అప్పటికే ఆ కంపెనీవి కావడం, రెండోది ఆ డ్రైవ్ కొలతలు మా లాకర్‌లో సరిపోవడం. మీ పడవలో వేరేది సరిపోతే అది కొనండి, ఈ రోజుల్లో పేరున్న కంపెనీల కంప్యూటర్లన్నీ మన అవసరానికి మించే తెలివైనవి.

ఇప్పుడు అసలు పని, బిగింపు. ఇక్కడే పైలట్లు పాడవుతాయి, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

టైప్ 1 డ్రైవే దాదాపు 300 కిలోల బలంతో తోస్తుంది, టైప్ 2 ఇంకా ఎక్కువ. ఆ తోపు అంతా డ్రైవ్ కాలు దగ్గరున్న నాలుగు బోల్టుల మీద పడుతుంది, అదీ ఒకసారి కాదు, నిమిషానికి పదిసార్లు అటూ ఇటూ, రోజుల తరబడి. సన్నటి లాకర్ గోడకు బోల్టులు వేసి ఊరుకుంటే మెత్తటి నేల మీద నిచ్చెన వేసినట్టే. మా పడవలో ముందు ఓనర్ హయాంలో ఎవరో ఒక ప్లైవుడ్ అర పెట్టి వదిలేశారు, మనిషి దాని మీద నిలబడితేనే కిర్రుమనేది. దాన్ని తీసేసి, చుట్టూ పెయింట్ ఫైబర్ కనిపించేదాకా గ్రైండ్ చేయించి, 25 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌ను పడవ పొట్టకూ వెనక బల్క్‌హెడ్‌కూ (పడవ లోపలి అడ్డగోడ) కలిపి ఎపాక్సీతో, గ్లాస్ గుడ్డ పొరలతో అతికించారు. మూలల్లో ఎపాక్సీ ముద్దతో గుండ్రంగా ఫిల్లెట్ పోసి దాని మీద పొరలు వేయాలి, పదును మూల మీద గుడ్డ సరిగ్గా అతుక్కోదు. బోల్టుల వెనక వాషర్లు చాలవు, స్టీల్ ప్లేటు పెట్టాలి. అంతా అయ్యాక ఒక పరీక్ష. పైలట్ ఆన్ చేసి, ఒకరు కోర్సు పది డిగ్రీలు అటూ పది డిగ్రీలు ఇటూ మారుస్తుంటే, రెండోవాళ్లు లాకర్‌లోకి దిగి పీఠం అంచు మీద, గోడ కలిసే చోట వేలు ఆనించి ఉంచాలి. కంటికి కనిపించని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. కాస్త ఊగినట్టు అనిపించినా ఇంకో రెండు పొరలు వేయించండి. ఈ పరీక్షకు చేతులు, దుస్తులు రామ్‌కు (డ్రైవ్‌లో ముందుకూ వెనక్కీ కదిలే కడ్డీ) దూరంగా పెట్టుకోవాలి, అది మనిషి ఉన్నాడని ఆగదు.

తర్వాత కోణం. చుక్కాని సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు రామ్‌కూ చేయికీ మధ్య 90 డిగ్రీలుండాలి, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. చేయి పొడవు మా డ్రైవ్‌కు 250 మిల్లీమీటర్లు. చుక్కాని రెండు పక్కలా 35 డిగ్రీలు తిరిగితే ఆ చేయి చివర కదిలే దూరం లెక్కవేస్తే దాదాపు 287 మిల్లీమీటర్లు, రామ్ స్ట్రోక్, అంటే అది మొత్తం కదలగలిగే దూరం, 300. అంటే మిగిలేది 13 మిల్లీమీటర్లు, రెండు వైపులా చెరి సగం. చేయి కాస్త పొడవు పెట్టినా, మధ్య బిందువు కాస్త పక్కకు జరిగినా చుక్కాని తన స్టాపర్లకు తగిలేలోపే రామ్ చివరికి వచ్చేస్తుంది, అప్పుడు వెనక్కి నడిపేటప్పుడు నీళ్లు చుక్కానిని కొట్టిన దెబ్బంతా డ్రైవ్ లోపలి గేర్ల మీద పడుతుంది. స్టాపర్లు ముందు తగలాలి, రామ్ తర్వాత. చక్రం చివరిదాకా తిప్పి, రామ్‌లో ఇంకా ఎంత మిగిలిందో రెండు వైపులా స్కేలు పెట్టి కొలవండి.

చుక్కాని కోణం చెప్పే సెన్సర్ కూడా ఇక్కడే ఉంటుంది. అది లేకుండా కూడా ఇప్పటి పైలట్లు నడుస్తాయంటారు, నిజమే, కానీ తెరచాప పడవకు పెట్టుకోమనే నా సలహా. చుక్కాని ఎక్కడుందో అంచనా వేసే కంప్యూటర్ కన్నా చూసి తెలుసుకునే కంప్యూటర్ తక్కువ తడబడుతుంది. సెన్సర్ చేయీ చుక్కాని చేయీ సమాంతరంగా కదిలేలా, నాలుగు మూలలూ కలిపితే సమాంతర చతుర్భుజం వచ్చేలా బిగిస్తే చాలు.

రేమరీన్ దిక్సూచి సెన్సర్ ఈవీ-1 నాకు బాగా నచ్చింది. పాత ఫ్లక్స్‌గేట్ రకం ఎలక్ట్రానిక్ దిక్సూచి ఒక్కటే ఉన్న పైలట్లు పడవ వాలినప్పుడు, అల మీద ఊగినప్పుడు దిక్కును ఆలస్యంగా పట్టుకునేవి, ఉత్తరం వైపు వెళ్లేటప్పుడు పాము నడక నడిచేవి. ఈవీ-1లో మూడు దిశల గైరో, మూడు దిశల యాక్సిలరోమీటర్, మూడు దిశల మాగ్నెటోమీటర్ ఒకే గుండ్రటి డబ్బాలో ఉన్నాయి, కాబట్టి ముక్కు తిరగడం మొదలైన క్షణంలోనే దానికి తెలిసిపోతుంది. అయితే చోటు విషయంలో దానికి పట్టింపు ఎక్కువ. బాణం గుర్తు పడవ ముక్కు వైపు చూడాలి, సమతలంగా ఉండాలి, ఇనుము, స్పీకర్లు, మోటార్లు, లావు వైర్లు, స్టీరింగ్ దిక్సూచి వీటన్నిటికీ కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. మేం కేబిన్ మధ్యలో, కిందగా, ఒక అల్మరా లోపల పెట్టాం, ఊపు అక్కడ అన్నిటికన్నా తక్కువ. బిగించేముందు దాన్ని టేపుతో అంటించి, పడవలోని స్విచ్‌లన్నీ ఒక్కొక్కటే వేసి చూడండి, దిక్కు అంకె కదిలితే ఆ వైరు దగ్గర్లో ఉన్నట్టు. ఇంకో మాట. గోడకు ఇవతల మాత్రమే చూసి ఊరుకోవద్దు, అవతల లాకర్‌లో స్పానర్ల పెట్టె, డబ్బాల ఆహారం పెట్టేవాళ్లుంటారు. మేం ఆ లాకర్ మూత మీద ఇనుము పెట్టొద్దని చీటీ అంటించాం, అతిథులు వచ్చినప్పుడు అది పనికొస్తోంది.

కరెంటు దగ్గర పొదుపు చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. డ్రైవ్ 20 ఆంప్స్ లాగుతోందనుకోండి, బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరం, వెళ్లి రావడానికి 10 మీటర్ల రాగి. 12 వోల్టుల్లో నష్టం 3 శాతం దాటకూడదంటే 10 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి. దూరం రెట్టింపైతే వైరు లావూ రెట్టింపు చేయాల్సిందే. సన్న వైరు పెడితే మామూలప్పుడు ఏమీ తెలియదు, గట్టి అల వచ్చి మోటారు ఒక్కసారిగా ఎక్కువ లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ రీసెట్ అవుతుంది, తిరిగి లేచేసరికి స్టాండ్‌బైలో ఉంటుంది, పడవ గాలికి అడ్డం తిరిగి ఉంటుంది. ఫ్యూజ్ లేదా బ్రేకర్ బ్యాటరీ దగ్గరే ఉండాలి, ఫ్రిజ్‌తో, పంపులతో పంచుకోకూడదు. ఇక రోజువారీ ఖర్చు. మా పడవలో సగటున 3 నుంచి 5 ఆంప్స్ అవుతోంది, 24 గంటలకు 72 నుంచి 120 ఆంపియర్ అవర్లన్నమాట. ఇది బ్యాటరీకి, సోలార్ పలకలకు చిన్న భారం కాదు, పైలట్ కొనేముందే ఆ లెక్క వేసుకోవాలి.

నెట్‌వర్క్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పడవలోని పరికరాలను కలిపే ఎన్ఎమ్ఈఏ 2000 లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (చివర పెట్టే రెసిస్టర్లు) ఉండాలి. కరెంటు ఆపేసి, రెండు డేటా వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లు చూపించాలి. 120 చూపిస్తే ఒకటి లేదు, 40 చూపిస్తే ఎవరో మూడోది పెట్టారు. రేమరీన్ ప్లగ్గులు మామూలు ఎన్ఎమ్ఈఏ 2000 ప్లగ్గుల్లా ఉండవు, వేరే కంపెనీ పరికరాలు కలపాలంటే అడాప్టర్ కేబుల్ ముందే తెప్పించుకోండి.

కాలిబ్రేషన్ సులువుగా ఉంది, ఇది మెచ్చుకోవాల్సిన విషయం. కట్టి ఉన్నప్పుడే పడవ రకం, డ్రైవ్ రకం చెప్పి, చుక్కానిని సరిగ్గా మధ్యలో పెట్టి, హద్దులు పెట్టాలి. చుక్కాని ఎంతవరకు తిరుగుతుందో దానికంటే ఓ 5 డిగ్రీలు తక్కువ పెట్టండి, లేకపోతే డ్రైవ్ ప్రతిసారీ వెళ్లి స్టాపర్‌ను గుద్దుతుంది. తర్వాత గాలి లేని రోజున ఖాళీ నీళ్లలోకి వెళ్లి మోటారు మీద నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే చాలు, దిక్సూచి తన చుట్టూ ఉన్న ఇనుము ప్రభావాన్ని తనే లెక్కగట్టుకుని దిద్దుకుంటుంది. మిగతాది వాడుతున్నకొద్దీ తనే నేర్చుకుంటుంది. వాడేవాళ్లకు మిగిలేది పైలట్ ఎంత చురుగ్గా దిద్దాలో చెప్పే మూడు స్థాయిలు, లీజర్, క్రూజింగ్, పెర్ఫార్మెన్స్. మేం ఎక్కువ కాలం క్రూజింగ్‌లో పెడతాం, చదునైన నీళ్ల మీద లీజర్‌లోకి దించితే కరెంటు మిగులుతుంది, వెనక నుంచి పెద్ద అలలు వస్తుంటే పెర్ఫార్మెన్స్.

ఇంకా లోతుకు వెళ్లి సర్దుకునేవాళ్లకు రడ్డర్ గెయిన్, కౌంటర్ రడ్డర్ అనే రెండు అంకెలుంటాయి. ముక్కు ఎంత తప్పితే చుక్కాని ఎంత తిప్పాలన్నది మొదటిది, అది ఎక్కువైతే పడవ అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ముక్కు వెనక్కి తిరిగి వస్తున్నప్పుడు ముందుగానే ఎదురు చుక్కాని ఎంత వేయాలన్నది రెండోది, అది తక్కువైతే గీత దాటి అవతలికి పోతుంది. ఇదంతా అనుభవమున్న సరంగు చేతికి తెలిసిన విద్యే. నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు యుద్ధనౌకల్లో చక్రం పట్టేవాళ్లు ఎలా నడుపుతున్నారో గమనించి, వాళ్లు ఇప్పటి తప్పునే కాకుండా పేరుకున్న తప్పునూ, అది మారుతున్న వేగాన్నీ చూసి చక్రం తిప్పుతున్నారని 1922లో లెక్కల్లో రాసిపెట్టాడు. ఫ్యాక్టరీల్లో యంత్రాలను అదుపు చేసే పీఐడీ సిద్ధాంతానికి మూలం అదే. మన పైలట్ పెట్టెలో ఇవాళ్టికీ నడుస్తున్నది ఆ ఆలోచనే.

గాలిని పట్టుకుని నడిపే మోడ్ తెరచాప పడవకు ప్రాణం. ఎదురుగాలిలోకి వెళ్లేటప్పుడు దిక్కును కాకుండా గాలి కోణాన్ని పట్టుకోమంటే, గాలి కొద్దిగా మారినా తెరచాప కొట్టుకోదు, పడవ వేగం పోదు. కానీ గాలితో పాటు పడవ కూడా తిరుగుతుందని గుర్తుంచుకోవాలి, ఒడ్డు దగ్గర ఈ మోడ్‌లో పెట్టి పడుకోవద్దు, గాలి మారిన విషయం మనకు తెలిసేలోపు ముక్కు రాళ్ల వైపు తిరిగి ఉండొచ్చు. వెనకగాలిలో నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను. మాస్టు (తెరచాప స్తంభం) ఊగుతుంటే పైనున్న గాలి మీటర్ తప్పుడు లెక్కలు పంపుతుంది, పైలట్ వాటిని నమ్మి తిరిగితే బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర) ఒక పక్క నుంచి ఇంకో పక్కకు విసురుగా వస్తుంది. మనిషి తల పగలడానికి అది చాలు. అందుకే వెనకగాలిలో బూమ్‌ను ముందుకు ప్రివెంటర్ తాడుతో కట్టేస్తాం, మాస్టు బాగా ఊగుతుంటే దిక్కు మోడ్‌లోనే నడుపుతాం. టాక్ చేయడానికి, అంటే ముక్కును గాలికి ఎదురుగా దాటించి గాలిని రెండో పక్కకు తెచ్చుకోవడానికి, ఒకే వైపు 1 డిగ్రీ, 10 డిగ్రీల బటన్లు కలిపి నొక్కితే పైలట్ తనే పడవను తిప్పుతుంది, ఆ సమయంలో మన రెండు చేతులూ తాళ్ల మీద ఉంటాయి. ఇద్దరే ఉన్నచోట ఇంతకంటే పనికొచ్చే బటన్ ఇంకోటి లేదు.

పైలట్ కష్టపడుతోందంటే చాలాసార్లు తప్పు తెరచాపల్లో ఉంటుంది. మెయిన్‌సెయిల్ (మాస్టు వెనకుండే ప్రధాన తెరచాప) ఎక్కువై పడవ గాలి వైపు ముక్కు తిప్పుకుంటుంటే, చుక్కాని ఎప్పుడూ ఓ పక్కకే వాలి ఉంటే, డ్రైవ్ పగలంతా ఆ భారం మోస్తూ ఉంటుంది. స్క్రీన్ మీద చుక్కాని గుర్తు మధ్య నుంచి 5 డిగ్రీలకు మించి అదేపనిగా ఓ పక్కనే నిలబడితే మేం మెయిన్ రీఫ్ చేస్తాం, అంటే ఆ తెరచాపను కొంత మడిచి చిన్నది చేస్తాం. ఆ వెంటనే ఆంప్స్ మీటర్‌లో అంకె కిందికి రావడం కళ్లారా చూడొచ్చు.

నచ్చనివి కూడా ఉన్నాయి. గేర్లతో నడిచే డ్రైవ్ చప్పుడు చేస్తుంది, వెనక కేబిన్‌లో పడుకున్నవాళ్ల తల కిందే అది గుర్రుమంటుంది, పలుచటి రబ్బరు ఫోమ్ లాకర్ గోడలకు అంటిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పీ70ఎస్ కంట్రోల్ స్క్రీన్ చిన్నది, చక్రం వెనక నిలబడి దూరం నుంచి చదవడం వయసైన కళ్లకు కష్టమే. నిద్ర పల్చగా పట్టేవాళ్లు వెనక కేబిన్ కిందే డ్రైవ్ వచ్చే పడవైతే హైడ్రాలిక్ వైపు చూడటం మేలు.

మరి కరెంటే అక్కర్లేని గాలి పైలట్ సంగతేంటని అడుగుతారు. పడవ వెనక తగిలించే విండ్‌వేన్‌ను నేను చాలా గౌరవిస్తాను. 1960లో అట్లాంటిక్ మీద ఒంటరి పడవల తొలి రేసులో బ్లాండీ హాస్లర్, ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఇద్దరూ తమ తమ గాలి యంత్రాలతోనే దాటారు. 2018 నుంచి మళ్లీ జరుగుతున్న గోల్డెన్ గ్లోబ్ రేసులో ఎలక్ట్రానిక్ పైలట్లు నిషేధం, భూమి చుట్టూ విండ్‌వేన్‌తోనే తిరగాలి, 2022లో మొదలైన రేసులో మన అభిలాష్ టామీ అలాగే తిరిగి రెండో స్థానంలో వచ్చాడు. గాలి ఎంత పెరిగితే అది అంత బలంగా నడుపుతుంది, చుక్క కరెంటు తాగదు. కానీ గాలి లేకుండా ఇంజిన్ మీద వెళ్లేటప్పుడు అది పనిచేయదు, ఇరుకు కాలువల్లో పనికిరాదు. సముద్రం దాటేవాళ్లు రెండూ పెట్టుకుంటారు, కుదిరితే అదే మంచిది. నీటి బలంతో పనిచేసే రకం విండ్‌వేన్‌కు గాలిరెక్క బదులు చిన్న టిల్లర్ పైలట్ తగిలించే ఉపాయం కూడా ఉంది, బరువంతా నీళ్లే మోస్తాయి కాబట్టి ఆ చిన్న పైలట్ పెద్ద పడవను కూడా కొద్ది కరెంటుతో నడుపుతుంది.

ఈవీ-400, టైప్ 2 జోడీని 9 నుంచి 13 టన్నుల నిండు బరువున్న, వీల్ ఉన్న పడవకు నేను ధైర్యంగా చెబుతాను. 6 టన్నుల లోపు పడవలో తీరం వెంబడి పగలు తిరిగేవాళ్లకు ఇంత అక్కర్లేదు, మంచి వీల్ పైలట్ చాలు, మిగిలిన డబ్బుతో తెరచాపలు కొత్తవి కుట్టించుకోండి.

పని పూర్తయ్యాక, పడవ కట్టి ఉండగానే ఒకటి చేసి చూడాలి. క్లచ్ పట్టుకుపోయి వదలకపోతే చక్రం బిగుసుకుపోతుంది, అప్పుడు రామ్‌ను చేయి నుంచి ఊడదీయాల్సిందే. ఆ పిన్ ఏ స్పానర్‌తో వస్తుంది, చీకట్లో టార్చ్ నోట్లో పెట్టుకుని చేతికి అందుతుందా, డ్రైవ్ అక్కడుండగా ఎమర్జెన్సీ టిల్లర్ షాఫ్ట్ మీద సరిగ్గా కూర్చుని పూర్తిగా తిరుగుతుందా, ఇవన్నీ ఇద్దరూ విడివిడిగా చేసి చూసుకోవాలి. మా పడవలో టిల్లర్ పిడి కొత్త చేయికి తగిలింది, పిడి చివర కాస్త కోయించాల్సి వచ్చింది. ఆ స్పానర్‌కు తాడు కట్టి లాకర్ మూత లోపలే వేలాడదీశాం, పక్కనే రెండు ఫ్యూజులు, ఒక జత మోటార్ బ్రష్‌లు ఉన్న డబ్బా.